మార్కాపురం పలక మీద 'ర': రావత్తు, గిలక, బండి ఱ తప్పుల్లేకుండా నేర్పే పద్ధతి

నాలుగో తరగతి పిల్ల ఒకతి తన ఊరి పేరు పలక మీద 'మాక్రాపురం' అని రాసి తెచ్చి చూపించింది. పుట్టింది మార్కాపురం, చేతిలో ఉన్నది మార్కాపురం పలక. దిద్దబోయి ఆగాను. ఆ పిల్లకు క వచ్చు, ర వచ్చు, కావత్తు వచ్చు, రావత్తు కూడా వచ్చు. చేతికి రానిదంటూ ఏమీ లేదు. రెండు హల్లులు కలిసి పలికినప్పుడు ఏది ముందు వినిపించిందో చెవి పట్టుకోలేదు, అంతే.

ఆ రోజు నుంచి ఒత్తులు నేర్పే పద్ధతి మార్చుకున్నాను. ముందు చెవి, తర్వాతే చెయ్యి. మిగతా అక్షరాలకు ఇంత శ్రమ అక్కర్లేదు గానీ ర సంగతి వేరు. పైన ఉంటే ఒక రూపం, కింద చేరితే ఇంకో రూపం, పాత పుస్తకాల్లో కుడిపక్క మూడో రూపం. తోడుగా బండి ఱ ఉంది, చూడటానికి చుట్టంలా కనిపించే వట్రసుడి ఉంది. ఇంట్లో పిల్లలకు నేర్పే తల్లిదండ్రుల కోసం, తెలుగు మళ్లీ మొదలుపెట్టిన పెద్దవాళ్ల కోసం, నేను నేర్పే వరుసలోనే ఇక్కడ రాస్తున్నాను.

కావలసినవి పలక, బలపం, తడిగుడ్డ. నోటుపుస్తకం వద్దు. తప్పు రాసిన కాగితం తప్పుతోనే మిగిలిపోతుంది, పలక మీదైతే ఒక్క తుడుపుతో పోతుంది. పిల్లవాడికి ఆ ధైర్యం కావాలి. పలక పాలిపోతే మా చిన్నప్పుడు బొగ్గూ ఆకుపసరూ కలిపి రుద్ది ఎండబెట్టేవాళ్లం, మర్నాటికి నల్లగా నిగనిగలాడేది.

మొదట ర ఒక్కటే

దీనికి ఒక పూట చాలు. గుండ్రంగా తిప్పి పైన తలకట్టు పెట్టడమే. జాగ్రత్త పడాల్సింది ఒక్కచోట: లోపల చుక్క పడితే అది ఠ అవుతుంది. ర, రా, రి, రీ అని గుణింతం మొత్తం ఒకసారి రాయించండి. ముఖ్యంగా రి, రూ, రే బాగా అలవాటు కావాలి, ఎందుకో కాసేపట్లో తెలుస్తుంది.

పలక పక్కన పెట్టి చెవికి పని చెప్పండి

ఈ మెట్టు దాటేసి ముందుకు పోవద్దు. మాటను రెండుగా విరిచి, మధ్యలో ఒక్క క్షణం ఆగి పలికించండి. మార్... కాపురం. దర్... శి. చీమకుర్... తి. తర్... లుపాడు. ఎక్కడ ఆగారో అక్కడ ఏ హల్లు వినిపించిందని అడగండి. ర్ అంటారు. ఇప్పుడు చక్... రం, వజ్... రం, ముద్... ర అనిపించండి. ఆగినచోట వినిపించింది క్, జ్, ద్. ర తర్వాత వచ్చింది.

నియమం ఇంతే: ఆగినచోట వినిపించే హల్లు పైన పెద్దగా కూర్చుంటుంది, తర్వాత వచ్చేది ఒత్తుగా కిందికి దిగుతుంది.

జంటగా పలికిస్తే తేడా తొందరగా పట్టుబడుతుంది. చక్రం, తర్కం. పత్రం, కర్త. వజ్రం, గర్జన. ఉగ్రం, దుర్గ. శుభ్రం, గర్భం. తామ్రం, ధర్మం. ప్రతి జంటలోనూ హల్లులు అవే రెండు, వరుస మాత్రం తిరగబడింది. రోజుకు ఐదు నిమిషాల చొప్పున మూడు రోజులు నోటితోనే ఆడించండి. బలపం ముట్టుకోనివ్వద్దు.

ఇంకొక మంచి సంగతి ఉంది. ర్యాలీ, ర్యాంకు లాంటి అరువు మాటల్ని తప్పిస్తే, ర్ ముందుండే జంట తెలుగులో మాట మొదట్లో రాదు. మొదటి అక్షరంలోనే జంట వినిపించి అందులో ర ఉంటే, ఆ ర రెండోదే. ప్రకాశం, శ్రీ, గ్రామం, ట్రంకు పెట్టె, డ్రైవరు, అన్నీ అంతే. ప్రకాశాన్ని 'పర్కాశం' అనే చిన్నపిల్లలు ఉంటారు. వాళ్లను తొందరపెట్టకుండా ప్ర, ప్ర, ప్ర అని పది సార్లు అనిపించి, ఆ తర్వాతే రాయించండి. నోట్లో 'పర్కాశం' ఉండగా పలక మీద ప్రకాశం రాదు.

రావత్తు

మన ప్రకాశం జిల్లా పేరుతోనే మొదలుపెట్టండి. 1970లో ఒంగోలు జిల్లాగా ఏర్పడి, 1972లో టంగుటూరి ప్రకాశం పంతులు పేరు పెట్టుకుంది. అలా మన జిల్లా పేరులోకి రావత్తు వచ్చింది. పిల్లలకు ఇలా చెబితే గుర్తుంటుంది.

ముందు ప రాయాలి. దాని ఎడమ పక్క నుంచి గీత మొదలుపెట్టి కిందికి దించి, అక్షరం పాదాల కిందుగా కుడికి తిప్పాలి. చేతిరాతలో దీన్ని అక్షరాన్ని ఒడిలోకి తీసుకున్నట్టు గీస్తే అందంగా వస్తుంది. అచ్చు పుస్తకాల్లో కొన్నిచోట్ల ఎడమకు ఎక్కకుండా కిందనే చిన్న కొడవలిలా ఉంటుంది, అదీ రావత్తే. పాత వ్యాకరణాల్లో దీని పేరు క్రారవడి.

గీత ఎడమ నుంచి వస్తుంది కాబట్టి ర ముందు పలుకుతుందేమోనని పిల్లలు పొరబడతారు. చెవికి ముందే నేర్పి ఉంటే ఈ తికమక రాదు.

మనం మాట్లాడే తెలుగులో ఈ రావత్తు చాలా మాటల్లోంచి జారిపోయింది. క్రొత్త కొత్త అయింది, ప్రాత పాత అయింది. క్రింద, ప్రొద్దు, త్రాగు, గ్రుడ్డు, బ్రతుకు, మ్రోగు అన్నీ తేలికపడి కింద, పొద్దు, తాగు, గుడ్డు, బతుకు, మోగు అయ్యాయి. వ్రాయులో వ పోయి ర మిగిలింది. ఒంగోలు దగ్గర కొత్తపట్నాన్ని ఇప్పుడెవరూ క్రొత్తపట్నం అనరు. త్రోవగుంట మాత్రం రాతలో ఇంకా రావత్తును మోస్తూనే ఉంది. సంస్కృతం నుంచి, ఇంగ్లీషు నుంచి వచ్చిన మాటల్లో రావత్తు గట్టిగా నిలిచింది: ప్రేమ, చిత్రం, ట్రాక్టరు, ఫ్రిజ్. పిల్లవాడు 'కొత్త' అని రాస్తే తప్పని కొట్టేయవద్దు. పద్యం చదివేటప్పుడు 'క్రొత్త' కనిపిస్తే రెండూ ఒకటేనని చెప్పండి చాలు.

ర పైన, మరొకటి కింద

అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. మార్కాపురం రాద్దాం. మా రాశాం. తర్వాత ఆగినచోట ర్ వినిపించింది కాబట్టి ర పైన ఉండాలి. తర్వాత కా. క ఒత్తుగా కిందికి పోతుంది. మరి కాకు ఉన్న దీర్ఘం ఎక్కడ పెట్టాలి? పైనున్న ర మీదే. అంటే చేయి రాసేది రా, దాని కింద కావత్తు. కంటికి కనిపించేది రా, నోరు పలికేది ర్కా.

దీర్ఘమైనా గుడి అయినా కొమ్ము అయినా గుర్తు పైఅక్షరానికే తగిలిస్తాం, కానీ అది పలికేది కింది ఒత్తుతో. ఈ ఒక్క మాట పిల్లలకు ఎవరూ విడమరిచి చెప్పరు. అందుకే పర్చూరును 'పరూచరు' అని, కర్నూలును 'కరూనలు' అని చదువుతారు. కళ్లకు రూ కనిపిస్తోంది మరి, వాళ్ల తప్పేముంది?

నేను చేసేదిది. పలక మీద రూ రాసి, కొమ్మును నా బొటనవేలితో మూసి ర్ అనిపిస్తాను. వేలు చావత్తు మీదికి జరిపి చ్ అనిపిస్తాను. ఆఖరికి కొమ్ము మీద నుంచి వేలు తీసి ఊ అనిపిస్తాను. ర్, చ్, ఊ. మూడుసార్లు మెల్లగా, నాలుగోసారి కలిపి ర్చూ. ఇదే పద్ధతిలో దర్శిలో ర్శి (రి కింద శావత్తు), చీమకుర్తిలో ర్తి (రి కింద తావత్తు), నెల్లూరు పొర్లుకట్టలో ర్లు (రు కింద లావత్తు), దర్గామిట్టలో ర్గా, సర్వేపల్లిలో ర్వే. రి, రూ, రే ముందే బాగా రావాలన్నది ఇందుకే.

ఒత్తుల ఆకారాల విషయానికి వస్తే, చాలా హల్లులు తలకట్టు తీసేసి చిన్నవై కిందికి దిగుతాయి. త, న, మ, య, ర, ల మాత్రం పూర్తిగా వేషం మార్చుకుంటాయి. ఆ ఆరింటినీ విడిగా దిద్దించండి. కర్త, కర్నూలు, ధర్మం, కార్యం, కర్ర, తర్లుపాడు: ఈ ఆరు మాటలు వచ్చాయంటే ఆరు ఒత్తులూ వచ్చినట్టే.

అర్థం వేరు, అర్ధం వేరు

ర కింద వచ్చే ఒత్తుల్లో పెద్దవాళ్లు కూడా తడబడేది థ, ధ దగ్గర. థలో చుక్క ఉంటుంది, ధలో ఉండదు. అర్థం అంటే మాటకున్న భావం, లేదా ధనం. అర్ధం అంటే సగం. 'నాకు అర్ధమైంది' అని రాస్తే సగమైందని రాసినట్టు.

గుర్తుపెట్టుకోవడానికి మాటల్ని రెండు కుటుంబాలుగా విడదీస్తాను. అర్థం కుటుంబంలో విద్యార్థి, పదార్థం, స్వార్థం, వ్యర్థం, సార్థకం, సమర్థత, ప్రార్థన ఉన్నాయి. వీటన్నిటిలో థ. వెతికితే వీటి లోపల ఎక్కడో అర్థం అన్న మాట కనిపిస్తుంది. రెండోది వృద్ధి కుటుంబం: వర్ధిల్లు, గోవర్ధనం. వీటిలో ధ. సగం అనే అర్థంతో అర్ధరాత్రి, అర్ధచంద్రుడు, అర్ధనారీశ్వరుడు వస్తాయి, అక్కడా ధ. గుడిలో ఇచ్చే తీర్థం థతోనే, విడిగా కంఠస్థం చేయించండి. బోర్డుల మీద 'తీర్ధం' చూసినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. అక్షరంలో ఒక చుక్కే కావచ్చు, పిల్లలు అక్షరాలు నేర్చుకునేది ఆ బోర్డులు చూసే కదా.

ర్ర, బండి ఱ

ర కింద రావత్తు పెడితే ర్ర. కర్ర, బర్రె, గొర్రె, మర్రిపాడు, యర్రగొండపాలెం. రాయడం తేలికే. కానీ తాతల కాలం పుస్తకం తీస్తే ఇవే మాటలు కఱ్ఱ, బఱ్ఱె, గొఱ్ఱె, ఎఱ్ఱ అని ఉంటాయి. అది బండి ఱ, పండితులు శకటరేఫం అంటారు. ఒకప్పుడు ర, ఱ రెండూ వేరు వేరుగా పలికేవి. తర్వాత పలుకుబడిలో తేడా పోయింది, కొన్నాళ్లకు రాతలోనూ పోయింది. పద్యాల్లో మాత్రం ఆ తేడా నిలిచింది. ర ప్రాసకు ఱ ప్రాస కలపకూడదన్నది పాత లక్షణకారుల నియమం.

మన ప్రాంతం పిల్లలకు బండి ఱ చూపించడానికి ఎఱ్ఱాప్రగడ పేరు కంటే మంచి ఉదాహరణ లేదు. 14వ శతాబ్దంలో అద్దంకి రాజధానిగా ఏలిన ప్రోలయ వేమారెడ్డి ఆస్థానకవి. నన్నయ విడిచిన అరణ్యపర్వ శేషాన్ని పూరించినవాడు. ఆయన పేరులో ఱ్ఱ ఉంది, ప్ర ఉంది. రాజు పేరులో ప్రో ఉంది. పర్వంలో ర్వ ఉంది. ఈ మూడు మాటలు రాయిస్తే ఒక పాఠం పూర్తవుతుంది.

పిల్లల చేత ఱ రాయించాల్సిన పని లేదు, చదవడం వస్తే చాలు. చెఱువు, ఏఱు, మఱి, గుఱ్ఱము అని నాలుగు మాటలు చూపించండి. నెల్లూరు వైపు అరవం చదవడం వచ్చినవాళ్లు ఉంటే ఇంకా బాగా అర్థమవుతుంది. తమిళంలో ఈ రెండు ర లూ ఇప్పటికీ విడివిడిగానే రాస్తారు.

వట్రసుడి రావత్తు కాదు

ఒకసారి మా చుట్టాల ఇంట గృహప్రవేశం కార్డు వచ్చింది. పైన పెద్ద అక్షరాలతో 'గ్రుహప్రవేశం'. అచ్చయిన మూడువందల కార్డులూ అలాగే పంచారు. ఇంటివాళ్లెవరూ చూసుకోలేదు.

గృలో ఉన్నది ఋ అనే అచ్చు. అచ్చుకు గుర్తు వట్రసుడి, గ కుడిపక్కన కిందికి దిగే సుడి. అందులో ర అనే హల్లు లేనే లేదు. ఈ కాలంలో మనం 'రు' అన్నట్టో 'రి' అన్నట్టో పలుకుతున్నాం కాబట్టి క్రిష్ణ, క్రుష్ణ, గ్రుహం అని చేయి పోతుంది. ఒక తేడా గమనించండి. రావత్తు హల్లు కాబట్టి దానితో గుణింతం మొత్తం వస్తుంది: క్ర, క్రా, క్రి, క్రీ. కృకు ఇంకో గుణింతపు గుర్తు తగిలించలేం, ఎందుకంటే అచ్చు అప్పటికే ఉంది.

ఇక్కడ చెవి సాయం చేయదు, ఒప్పుకోవాల్సిందే. కంటికే నేర్పాలి. కృష్ణపట్నం, నెల్లూరు బృందావనం, గృహం, నృత్యం, దృష్టి, తృప్తి, మృదువు, పృథ్వి: ఇవి వట్రసుడి మాటలు. పదిసార్లు చూసి పదిసార్లు రాస్తే నిలిచిపోతాయి. అటునుంచి ఇటు జరిగే తప్పూ ఉంది. సంగీతంలో శ్రుతిని చాలామంది 'శృతి' అని రాస్తారు. శ్రవణం, శ్రోత అనే చుట్టాల్ని గుర్తు తెచ్చుకుంటే అక్కడ ఉన్నది రావత్తేనని తెలుస్తుంది.

మూడు హల్లులు కలిస్తే

భయపెట్టకుండా అదే విరుపు పద్ధతి వాడండి. రాష్... ట్రం. ష పైన, ట ఒత్తు, ఆపైన రావత్తు. శాస్... త్రం, వస్... త్రం కూడా అంతే. పంచాంగంలో వర్జ్యం చూపించండి: వర్... జ్యం. ర పైన, జ ఒత్తు, యావత్తు. అన్నిటికన్నా చక్కని మాట ఆర్ద్ర. ఆర్... ద్ర. పైనా ర, ఆఖర్నా ర, మధ్యలో ద. ఒకే అక్షరంలో ర రెండు రూపాల్లో కనిపిస్తుంది. అంత బరువు మోయలేక మన రైతులు దాన్ని ఆరుద్ర చేసుకున్నారు. ఆరుద్ర కార్తె అంటే ఇంట్లో తాతను అడిగినా చెబుతారు. కార్తెలోనూ ర్తె ఉంది, వదలకండి.

వలపలగిలక

20వ శతాబ్దం తొలి రోజుల పుస్తకం చేతికొస్తే 'ధర్మము' అన్నచోట ధ, మ, పక్కన తెలుగు తొమ్మిది అంకె (౯) లాంటి గుర్తు, తర్వాత ము కనిపిస్తాయి. ఆ గుర్తే వలపలగిలక. వలపల అంటే కుడివైపు. మ తర్వాత రాసినా దాన్ని మకు ముందే ర్ అని పలకాలి. ఇది తెలియకే చాలామంది ఇంట్లో ఉన్న పాత పుస్తకాలు చదవలేమని అటక మీద పెట్టేస్తున్నారు. ఒక్క పేజీ పక్కన కూర్చోబెట్టుకుని చదివిస్తే చాలు, రెండో పేజీ వాళ్లే చదువుతారు.

కన్నడంలో ఈ గిలక ఇప్పటికీ రోజువారీ రాతలో ఉంది. బెంగళూరు వెళ్లినప్పుడు బోర్డులు చూపించండి. హిందీలో ఇదే ర్ తర్వాతి అక్షరం నెత్తిమీద చిన్న కొక్కెంలా కూర్చుంటుంది. 'మార్కా' అని హిందీలో రాస్తే ఆ కొక్కెం కా దీర్ఘం పైకి పోతుంది. ఈ మూడింటిలోనూ రాసేది తర్వాత, పలికేది ముందు. ఇప్పటి తెలుగులో మాత్రం ర ముందే నిలబడుతుంది. తమిళంలో మామూలుగా ఒత్తులే ఉండవు, అక్షరం మీద చుక్క పెట్టి పక్కన రెండోది రాస్తారు.

ఫోనులో, కంప్యూటరులో

చెవితో నేర్చుకున్నవాళ్లకు ఇది చాలా సులువు, ఎందుకంటే టైపు చేసేది పలికే వరుసలోనే. హల్లు, పొల్లు, హల్లు, ఆఖర్న గుణింతపు గుర్తు. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో క్రకు కె, డి, జె కీలు వరుసగా నొక్కాలి. ర్కకు అవే తిరగేసి జె, డి, కె. దీర్ఘం ఈ కీ మీద ఉంటుంది, దాన్ని చివర నొక్కితే ర్కా. దీర్ఘం ర మీదికి, క కిందికి వాటంతటవే సర్దుకుంటాయి.

ఇంగ్లీషు మాటలకు విభక్తి చేర్చినప్పుడు ఒక ఇబ్బంది వస్తుంది. 'కలెక్టర్' తర్వాత 'కు' కొడితే కలెక్టర్కు అని ఒత్తు పడుతుంది. మధ్యలో జీరో విడ్త్ నాన్ జాయినర్ (కంటికి కనిపించకుండా అక్షరాల్ని కలవనివ్వని గుర్తు) పెడితే కలెక్టర్‌కు అని విడిగా నిలుస్తుంది. అది దొరకకపోతే హాయిగా కలెక్టరుకు అని రాయండి, అదే మన పలుకుబడి.

గిలక కావాలంటే ర, పొల్లు, జీరో విడ్త్ జాయినర్ (ఇదీ కంటికి కనిపించని గుర్తే), తర్వాత హల్లు కొట్టాలి. ఫాంటులో ఆ రూపం ఉంటేనే కనిపిస్తుంది. కొందరు దానికి బదులు తెలుగు తొమ్మిది అంకె '౯' పెడుతున్నారు. కంటికి సరిపోతుంది గానీ వెతికితే ఆ మాట దొరకదు, యంత్రానికి అది అంకె. పాత పుస్తకాలు ఎక్కించేవాళ్లు దయచేసి ఈ పని చేయవద్దు.

పరీక్ష

మెట్లన్నీ అయ్యాక నేను పలక పరీక్ష పెట్టను. ఒంగోలులో మార్కాపురం బస్సు ఎక్కించి కిటికీ పక్క సీటు ఇవ్వమంటాను. చీమకుర్తి, పొదిలి, తర్లుపాడు వైపు బాణం గుర్తు, మార్కాపురం. దారి పొడవునా పాలకేంద్రం, గ్రానైట్, ట్రాక్టరు విడిభాగాలు, సర్పంచి పేర్లు, శుభాకాంక్షల ఫ్లెక్సీలు. ఏ బోర్డులో ర పైన ఉందో, ఏ బోర్డులో కింద ఉందో చెప్పమనండి. 'మాక్రాపురం' రాసిన ఆ పిల్ల ఈ ఆట మొదలుపెట్టిన మూడో వారంలో ఒక ఫ్లెక్సీ చూపించి, "టీచర్, ముహూర్తంలో హకు కొమ్ము పొడుగ్గా లేదు, ర్త మాత్రం సరిగ్గా రాశారు" అంది.